జయశీల రైట్ చెబితే

పొద్దున మొదటి ట్రిప్పుకి ముందు జయశీల బస్సు చుట్టూ ఒకసారి తిరిగి వస్తుంది. టైర్ల కింద కుక్కపిల్లలు పడుకుని ఉంటే లేపుతుంది. చేపల గంపలు మెట్లకి అడ్డం లేకుండా వెనక్కి జరిపిస్తుంది. ముసలివాళ్ళు కూర్చున్నారా, చంటిపిల్లల తల్లులు కడ్డీ పట్టుకున్నారా అని చూసుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా డ్రైవరు సీట్లో ఉన్నాడో లేదో చూస్తుంది. ఆ తర్వాతే రైట్ చెబుతుంది. మిగతా కండక్టర్లు కాలు మెట్టు మీద పడకముందే రైట్ రైట్ అని కేకేస్తారు, వాళ్ళకి ఆ సరదా చెల్లుతుంది. జయశీల చెబితే బస్సు డ్రైవరు కోసం ఆగదు.

గవ్వలదిన్నె కృష్ణపట్నానికి దక్షిణంగా, సముద్రానికీ ఉప్పుటేరుకీ మధ్య ఇరుక్కున్న ఊరు. బయటికి పోవాలంటే ఉప్పుటేటి మీది చప్టా దాటాలి. దాన్ని వంతెన అంటే వంతెనలకి కోపం వస్తుంది. నీళ్ళెక్కువైతే పైనుంచి పారేట్టు ఏటికి అడ్డంగా పోసిన సిమెంటు రోడ్డు అది. ఆ చప్టా దాటి వెంకటాచలం దాకా పోయొచ్చే పల్లెవెలుగు బస్సు ఊరికి ఒక్కటే. రాత్రికి ఊళ్ళోనే నిలిచి పొద్దున్నే బయల్దేరుతుంది. ఆడవాళ్ళకి సున్నా టికెట్టు వచ్చినప్పటి నుంచి అందులో కాలు పెట్టడానికి చోటుండదు.

రైట్ అనే మాట ఆ ఊళ్ళో వాడనివాళ్ళు లేరు. లెక్క కుదిరితే బడిలో టీచరమ్మ రైట్ అంటుంది. పాస్టరు గారు ఫోను పెట్టేసే ముందు రైట్ రైట్ అంటారు, అంటే ఇక చాలించమని. పోర్టుకి షిఫ్టు డ్యూటీకి పోయే కుర్రాళ్ళు ఎదురుపడితే అంతా రైటేనా అని పలకరించుకుంటారు. మాట తేడాగా మాట్లాడేవాణ్ణి చూసి వాడు రైటు కాదులే అని పక్కకి తప్పుకుంటారు. రొయ్యల గుంటలు చూసుకునే ఓబులేసు అయితే ఒప్పుకోవడానికీ, ఒప్పుకోకపోవడానికీ, అవతలివాళ్ళు చెప్పింది వినపడనప్పుడు వినపడినట్టు ఉండటానికీ ఆ ఒక్క మాటతోనే నెట్టుకొస్తాడు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఏ పనికి పుట్టించారో గానీ గవ్వలదిన్నె అన్ని పనులకీ వాడి అరగదీసింది. జయశీల నోట్లో మాత్రం దానికి ఒకటే పని. ఆగిపోయినది ఏదైనా ఆమె రైట్ వింటే కదులుతుంది.

ఈ సంగతి ఆమె ఉద్యోగంలో చేరిన మొదటి రోజే బయటపడింది. బస్సు టీ కొట్టు దగ్గర ఆగి ఉంది. కొత్త కండక్టరమ్మ గొంతు సరిచేసుకుని, అలవాటవుతుందని ఒకసారి రైట్ అని చూసింది. బస్సు జనంతో సహా బయల్దేరింది. డ్రైవరు ఫ్రెడ్డీ చేతిలో టీ గ్లాసు పట్టుకుని వెనకాల పరిగెత్తి, ఎక్కి, బ్రేకు తొక్కి, రొప్పు తగ్గాక, "అమ్మా, నేను కూర్చున్నాక చెప్పండమ్మా" అని చేతులు జోడించాడు. డిపోలో కూడా అదే మాట మర్యాదగా చెప్పి పంపించారు. మరుసటి ఏడు వాళ్ళిద్దరికీ చర్చిలో పెళ్ళయింది. అప్పట్నుంచి ఒకే బస్సులో డ్యూటీ. ఫ్రెడ్డీ ముందు అద్దంలోంచి చూసేవాడు, జయశీల వెనకనుంచి తల ఊపి రైట్ చెప్పేది. బస్సులో ఉన్నంతసేపూ డ్రైవర్ గారూ అని పిలిచేది, ఇంట్లో నువ్వు అనేది.

ఊరివాళ్ళు కూడా ఆమె గొంతుని బాగానే వాడుకున్నారు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసకలో కూరుకుపోయిన పడవలకి చెప్పించుకున్నారు. రొయ్యల గుంటల్లో మొరాయించిన మోటార్లకి చెప్పించుకున్నారు. మండలాఫీసులో కదలని కాయితం కోసం ఒకసారి కిటికీ దగ్గర నిలబెట్టి చెప్పించుకున్నారు గానీ, అది కదిలి పక్క బల్ల మీదికి పోయి అక్కడ ఆగింది. ఓబులేసు ఆమె గొంతుని సెల్లులో రికార్డు చేసుకుని తన ట్రాక్టరుకి వినిపిస్తే ట్రాక్టరు కదల్లేదు, సెల్లే బల్ల మీదనుంచి జారి కింద పడింది. మనిషే అక్కడ ఉండి నోటితో చెబితేనే ఆ మాట పనిచేస్తుందని అప్పుడు తేలింది.

ఓబులేసు తల్లి వెంకటశేషమ్మ మంచాన పడి, తిండి మానేసి, మనిషిని గుర్తుపట్టడం మానేసి, పోకుండా ఉండిపోయినప్పుడు కూడా ఆమెనే పిలిచారు. జయశీల ముందు రానంది. ఓబులేసు వాకిట్లో కూలబడి ఏడిస్తే వెళ్ళింది. ముసలామె చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుని, చెవి దగ్గరికి వంగి మెల్లగా రైట్ అంది. వెంకటశేషమ్మ పెద్ద పని అయిపోయినట్టు ఒక ఊపిరి వదిలి వెళ్ళిపోయింది. తర్వాత వీధి చివరి పెంచలయ్య తండ్రికీ అట్లాగే చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇంకో ఇంట్లో. పిలిచినవాళ్ళందరూ ఆమె చేతులు పట్టుకుని దణ్ణం పెట్టారు. జయశీల మాత్రం అట్లాంటి రోజున ఇంటికొచ్చి అన్నం తినేది కాదు.

ఫ్రెడ్డీ పడిపోయింది పోయిన వేసవిలో. డ్యూటీకి బయల్దేరుతూ బూట్లు వేసుకోవడానికి వంగినవాడు వంగినట్టే పక్కకి ఒరిగిపోయాడు. నెల్లూరు ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు. ఒక పక్క కాలూ చెయ్యీ పోయాయి, మాట పోయింది. ఇక రావాల్సింది ఏమన్నా ఉంటే దానంతట అదే రావాలని చెప్పి ఇంటికి పంపించారు. ఇంటికొచ్చాక వచ్చిందీ లేదు, పోయిందీ లేదు. కళ్ళు తిప్పేవాడు, బాగున్న చెయ్యి ఎత్తేవాడు, నోట్లో పోసిన గంజి సగం మింగేవాడు. నాలుగు నెలలకి కూడా అంతే.

"వాడు ఆగిపోయినాడమ్మే" అంది ఒకరోజు ఫ్రెడ్డీ తల్లి నవోమి.

ఆ మాట వినగానే జయశీల చేతిలో పని వదిలేసి బయటికి వచ్చేసింది. ఆగిపోయిన మనుషులకి తన నోటి మాట ఏం చేస్తుందో ఆమె కళ్ళారా చూసింది. ఆ రోజునుంచి రైట్ అన్న మాటని ఇంటి గడప లోపలికి రానివ్వలేదు. ఫోన్లో సరే అనేది, తన పిల్లలు లెక్కలు చూపిస్తే బాగుంది అనేది. వాళ్ళ ఇల్లు రోడ్డు పక్కనే. బస్టాపు ఇంటికి ఎదురుగానే. అక్కడ రైట్ చెబితే మంచం దాకా వినపడుతుంది. ఫ్రెడ్డీ చోట్లో వచ్చిన కుర్ర డ్రైవరు పెంచలప్రసాద్‌తో చెప్పి బస్టాపుని నీళ్ళ ట్యాంకు అవతలికి మార్పించింది. ఎందుకని ఊళ్ళో ఒక్కరూ అడగలేదు. గంపలు నెత్తిన పెట్టుకుని ట్యాంకు దాకా నడవడం అలవాటు చేసుకున్నారు.

నవోమి బాధ వేరు. కొడుకు ఒళ్ళు తుడిచేదీ, పక్క మార్చేదీ, గంజి పట్టేదీ ఆమె. కోడలు డ్యూటీకి పోతే పగలంతా ఆ కళ్ళు చూస్తూ కూర్చునేది ఆమె. వానలు మొదలైన ఒక సాయంత్రం, జయశీల ఇంకా యూనిఫాం కూడా మార్చుకోలేదు, నవోమి మంచానికి అవతలి పక్కన నిలబడి అడిగేసింది.

"శేషమ్మకి చెప్పినావు. పెంచలయ్య వాళ్ళ నాయనకి చెప్పినావు. నా బిడ్డకి చెప్పేదానికి ఏమొచ్చిందే నీకు?"

"వాళ్ళు పొయ్యేవాళ్ళత్తా. ఈయన ఉండేవాడు."

"దీన్ని ఉండేదంటారా? ఆ కళ్ళు చూసినావా నువ్వు? బస్సెక్కి పోతావు, సాయంత్రానికి వస్తావు. పగలంతా చూసేది నేను. కన్నదాన్ని నేను చెప్తా ఉండా, పంపించెయ్యమ్మే వాణ్ణి."

జయశీల తన నోటితో చెప్పనంది. చచ్చినా చెప్పనంది. ఆయన ఇట్లా పడుకుని ఉన్నా సరే, సాయంత్రానికి వచ్చి ముఖం చూస్తే చాలంది. మాటామాటా పెరిగింది. మంచం మీద ఫ్రెడ్డీ బాగున్న చేత్తో మంచం కోడుని టకటకా కొట్టాడు. దాహమేస్తోందనుకుని ఇద్దరూ పోట్లాట ఆపి నీళ్ళు తెచ్చి పోశారు. నీళ్ళు పెదవి పక్కనుంచి కారిపోయాయి. ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఆ తర్వాత అత్తాకోడళ్ళు మాట్లాడుకోవడం తగ్గించేశారు. జయశీల డ్యూటీనుంచి వస్తూ ట్యాంకు దగ్గరే ఆగి, ఇంటి వాకిట్లో జనం గుమిగూడి లేరు కదా అని చూసుకుని గానీ అడుగు ముందుకి వేసేది కాదు.

నవంబరులో తుపాను పట్టింది. గవ్వలదిన్నె ఖాళీ చెయ్యాలని పొద్దున్నే జీపులో మైకు పెట్టి చెప్పిపోయారు. వెంకటాచలం బడిలో చోటు చూశారు. పిల్లలున్నవాళ్ళు ముందురోజే ఆటోల్లో వెళ్ళిపోయారు, జయశీల కూడా పిల్లల్ని వాళ్ళ పిన్నమ్మ ఇంటికి పంపించింది. మిగిలినవాళ్ళు ముసలీముతకా, పడవలు లాగి కట్టేసుకోవడానికి ఆగినవాళ్ళూ, మంచాన ఉన్నవాళ్ళూ. వాళ్ళకోసం ఊరి బస్సే ఆఖరి ట్రిప్పు వేసింది. ఓబులేసూ ఇంకో ఇద్దరూ ఫ్రెడ్డీని దుప్పటితో సహా ఎత్తి, డ్రైవరు వెనక సీట్లో కిటికీ పక్క రేకుకి ఆనించి కూర్చోబెట్టారు. నవోమి పక్కన కూర్చుని ఒరిగిపోకుండా పట్టుకుంది.

భర్త బస్సులో ఉన్నాడు గనక జయశీల ఆ రోజు రైట్ చెప్పలేదు. మెట్ల దగ్గర నిలబడి రేకు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టింది. పెంచలప్రసాద్‌కి అర్థమయింది. ఇంజను స్టార్టు చేసి మామూలు డ్రైవర్లలాగే నడిపాడు.

చప్టా దగ్గరికి వచ్చేసరికి ఏటి నీళ్ళు దాని పైనుంచి పారుతున్నాయి. సముద్రం పోటు మీదుంది, ఏటిని లోపలికి నెడుతోంది. చప్టాకి రెండు పక్కలా ఉన్న సున్నం కొట్టిన రాళ్ళ తలలు ఇంకా కనపడుతున్నాయి. వెనక్కి పోతే ఊళ్ళోకే పోవాలి, ఊళ్ళో అప్పటికే అలలు వీధుల్లోకి వస్తున్నాయి. పెంచలప్రసాద్ అద్దంలోకి చూశాడు. జయశీల కాస్త ఆలోచించి రేకు మీద కొట్టింది. బస్సు నీళ్ళలోకి దిగింది.

సగం దూరం బాగానే వచ్చింది. నడిమధ్యలో ఇంజను దగ్గినట్టు దగ్గి ఆగిపోయింది. పెంచలప్రసాద్ తాళం తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. గరగరమని ఒక శబ్దం, ఆ తర్వాత అదీ లేదు. వెనక చక్రం ఒకటి చప్టా అంచు మీదికి జారింది. బస్సు ఒక పక్కకి వాలింది. ఎవరో కెవ్వుమన్నారు. కింది మెట్టు మునిగింది.

ఓబులేసూ మగవాళ్ళూ తొయ్యడానికి దిగారు. తొడల లోతు నీళ్ళు. నీటి ఉరవడి ఓబులేసుని ఎత్తి బస్సు రేకుకేసి కొట్టింది. తోటివాళ్ళు చొక్కా పట్టుకుని లోపలికి లాగేశారు. పడవ పంపిస్తున్నామని మండలాఫీసువాళ్ళు ఫోన్లో చెప్పారు. ఎంతసేపట్లో అంటే లైను తెగిపోయింది. రెండో మెట్టు మునిగింది.

బస్సులో ఎవరూ నోరు విప్పి అడగలేదు. ఆ ఊరివాళ్ళకి ఆ మర్యాద తెలుసు. కానీ అందరి చూపులూ మెల్లగా జయశీల మీదికి వచ్చి చేరాయి, చేరి మళ్ళీ సిగ్గుపడి కిటికీల వైపు తిరిగాయి. తడిసిన చొక్కాతో వణుకుతున్న ఓబులేసు ఒక్కడే తల దించుకోకుండా ఆమెనే చూస్తున్నాడు. వాడి తల్లిని పంపించింది ఈమె. ఇప్పుడు ఏం అడుగుతున్నాడో వాడికి బాగా తెలుసు.

జయశీలకీ తెలుసు. ఆమె ఒక్క మాట అంటే బస్సు కదులుతుంది. అందులో ఆగి ఉన్నది ఇంకేదున్నా అదీ కదులుతుంది. ఆ మాటకి చోటు ఎంచుకోవడం తెలియదు. వినపడినంత మేరా పనిచేసుకుంటూ పోతుంది. ఇన్ని ప్రాణాలు ఒక పక్క, ఆ ఒక్క ప్రాణం ఒక పక్క. తూచడానికి కూడా ఆమెకి మనసు రాలేదు. దేవుడా, నా గొంతు పడిపోనీ అనుకుంది. ఆ క్షణంలో నిజంగానే అనుకుంది.

"వద్దమ్మే" అంది నవోమి.

జయశీల తిరిగి చూసింది. నవోమి కొడుకుని గట్టిగా ఒళ్ళోకి లాక్కుని ఉంది.

"నేను అడిగినానే. ఇన్నాళ్ళూ నేనే అడిగినా. ఇట్టా గాదు. ఈ నీళ్ళల్లో, ఈ బస్సులో గాదు. ఇప్పుడు వద్దు, నా తల్లి గదా."

పంపించెయ్యమని పట్టుబట్టిన మనిషే ఆ మాట అంటుంటే జయశీలకి అత్త మీద ఉన్న కోపమంతా కరిగిపోయింది. దగ్గరికి వెళ్ళి ఆమె తల నిమిరింది. చెవులు మూస్తే వినపడదు కదత్తా, గట్టిగా మూద్దాం అంది. వేరే దారి లేదు. నవోమి కొంగు చించి ముక్కలు చుట్టి కొడుకు చెవుల్లో కుక్కింది. అందరూ కలిసి ఫ్రెడ్డీని బస్సు చివరి పొడుగు సీటుకి మోసుకుపోయారు. నవోమి పక్కన కూర్చుని రెండు అరచేతులూ చెవుల మీద పెట్టి అదిమింది. జయశీల ముందుకి వచ్చి ఇంజను బానెట్టు మీదికి వంగింది. ఎంత మెల్లగా చెబితే అంత మంచిదనుకుని, గుసగుసగా ఆ మాట అంది.

అద్దం మీది వైపరు ఒక్కసారి అటూ ఇటూ తిరిగి నిలిచిపోయింది.

ఇంకాస్త గొంతు పెంచి అంది. పైన వెలగని లైటొకటి వెలిగింది, చక్రాలు కొంచెం వణికాయి. అంతే. చిన్న గొంతుకి చిన్న వస్తువులే కదులుతున్నాయి. నీళ్ళు మూడో మెట్టు దాటి లోపలికి వచ్చి, సీట్ల కింద చెప్పుల్ని తేల్చి తీసుకుపోతున్నాయి. బస్సు ఇంకాస్త వాలింది. "అక్కా" అన్నాడు పెంచలప్రసాద్. స్టీరింగు వదలకుండా తలతో మెట్ల వైపు చూపించాడు.

డ్యూటీ గొంతుతో చెప్పాలి. రద్దీలో, హోరుగాలిలో, వెనక మెట్టునుంచి ముందు అద్దం దాకా చేరే గొంతు అది. జయశీల ఊపిరి నిండా పీల్చుకుని, చెప్పబోయే ముందు చివరి సీటు వైపు ఒకసారి చూసింది.

ఫ్రెడ్డీ బాగున్న చెయ్యి పైకి లేచింది. మెల్లగా వెళ్ళి తల్లి మణికట్టు పట్టుకుంది. చెవి మీదనుంచి ఆమె అరచేతిని పక్కకి లాగింది. నవోమి ఏడుస్తూ మళ్ళీ మూసింది. ఆయన మళ్ళీ లాగాడు, ఈసారి ఆమె చెయ్యి మళ్ళీ రాకుండా మోచేత్తో అడ్డుకుని, వేళ్ళతో చెవిలోని గుడ్డముక్క పీకి పారేశాడు. తర్వాత బస్సు పొడుగునా, తడిసిన తలల మీదుగా, భార్య కళ్ళలోకి చూశాడు. అద్దంలోంచి ఇన్నేళ్ళు చూసిన చూపే. నేను సిద్ధం, చెప్పు అనే చూపు. కాకపోతే ఈసారి ఆయన వెనక ఉన్నాడు, ఆమె ముందుంది.

జయశీల తల అడ్డంగా ఊపింది. ఆయన చూపు తిప్పుకోలేదు.

ఆమె ముందుకి తిరిగింది. కళ్ళు మూసుకుంది. ఎప్పుడూ లేనంత గట్టిగా, గొంతు చీరుకుపోయేట్టు చెప్పింది.

"రైట్! రైట్!"

బస్సు ఒక్క ఊపు ఊగి లేచింది. ఇంజను చప్పుడు లేదు. జారిన చక్రం తనంతట తానే అంచు ఎక్కింది. బస్సు నీళ్ళని రెండుగా చీల్చుకుంటూ నడిచింది. పెంచలప్రసాద్ చేసిందల్లా స్టీరింగు తిన్నగా పట్టుకోవడమే. ఏళ్ళ తరబడి బిగుసుకుపోయిన కిటికీ తలుపులన్నీ ఒక్కసారిగా దడదడమని కిందికి దిగాయి. ఒకామె చేతికి ఉన్న ఆగిపోయిన గడియారం తిరగడం మొదలుపెట్టింది. పెళ్ళిలో వడ్డన కాడ మాట పట్టింపు వచ్చి పలకరించుకోవడం మానేసిన తోడికోడళ్ళు స్వర్ణా ఆనందకుమారీ పక్కపక్కనే కూర్చుని, ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడుస్తూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

జయశీల వెనక్కి తిరగలేదు. తిరిగితే చూడాల్సి వస్తుంది. బానెట్టు పట్టుకుని రోడ్డునే చూస్తూ నిలబడింది. చప్టా దాటారు. మెరక ఎక్కారు. సవక తోటలు పక్కనుంచి పోతున్నాయి. వెనకనుంచి నవోమి గొంతు వినపడింది, ఏడుస్తోంది. అయిపోయింది అనుకుంది జయశీల. మనిషి బతికి ఉండగా రోజూ సాయంత్రం ముఖం చూస్తే చాలనుకుంది తను, ఆ ఆఖరి ముఖాన్ని కూడా చూడకుండా వీపు పెట్టి నిలబడింది. ఆ తలపుకి తన మీద తనకే అసహ్యం వేసింది.

తోట దాటాక ఎత్తు మీద పెంచలప్రసాద్ బ్రేకు తొక్కాడు. బస్సు నిలిచింది. పైన రేకు మీద వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఇక తప్పదని జయశీల తిరిగింది. మధ్యదారిలో నడిచింది. అటూ ఇటూ కూర్చున్నవాళ్ళు కాళ్ళు లోపలికి మడుచుకుని దారిచ్చారు. చివరి సీట్లో నవోమి కొడుకు భుజం మీద తల ఆనించి ఏడుస్తోంది. ఆయన ఒరిగి లేడు. ఎవరూ పట్టుకోకుండానే కూర్చుని ఉన్నాడు. ఇన్నాళ్ళూ కట్టెలా పడి ఉన్న కాలు, నీళ్ళు నిండిన నేల మీద అదిరి అదిరి, బ్రేకుని వెతుకుతున్నట్టు నొక్కుతోంది. కళ్ళనిండా నీళ్ళు. ముఖమంతా కోపం.

జయశీల ఆ కాలి దగ్గరే నీళ్ళలో కూలబడిపోయింది. ఆయన మోకాళ్ళు చుట్టేసి పట్టుకుంది. ఆయన పెదవులు కదిలాయి. మాట వెంటనే రాలేదు. లోపల్నుంచి ఒక్కొక్క ముక్కా లాక్కుని బయటికి తెచ్చాడు.

"ఎందుకు... చెప్పలా... ఇన్నాళ్ళు?"

"పోతావనుకున్నా" అంది జయశీల. గొంతు బొంగురుపోయి ఆ మాట ఆమెకే సరిగ్గా వినపడలేదు. "నేను చెప్పినోళ్ళందరూ పోయినారు గదా. నువ్వూ పోతావని భయమేసింది."

ఫ్రెడ్డీ భార్యని చూశాడు. తల్లిని చూశాడు. బాగున్న చేత్తో తన రొమ్ము మీద తట్టుకున్నాడు.

"ఉంచాలని నువ్వు. పంపాలని... మాయమ్మ. మంచానికి అటొకరు... ఇటొకరు." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "నన్ను... అడిగినారా? ఒక్కసారన్నా?"

నవోమి కొంగు నోట్లో కుక్కుకుంది. నిజమే, ఒక్కసారి కూడా అడగలేదు. ఇద్దరూ ఆయన మీద ప్రాణం పెట్టుకుని, ఆయన తలమీదుగా ఇన్ని నెలలు పోట్లాడుకున్నారు గానీ, ఒంగి ఆ ముఖంలోకి చూసి నీకేం కావాలని అడగాలన్న ఊహ ఇద్దరికీ రాలేదు. ఆయన బతికినందుకు సంతోషించాలో, ఎప్పుడో లేచి కూర్చోగల మనిషిని తన భయంతో అన్నాళ్ళు పడుకోబెట్టినందుకు ఏడవాలో జయశీలకి తెలియలేదు. రెండూ ఒకేసారి వచ్చాయి. ఆయన మోకాళ్ళ మీద తల పెట్టి బిగ్గరగా ఏడ్చింది.

ముందు సీట్లో పెంచలప్రసాద్ తాళం తిప్పి చూశాడు. ఇంజను మామూలుగా పలికింది. చాలాసేపు మొహమాటపడి, ఇటు తిరిగి అడిగాడు.

"అక్కా, పోదామా?"

జయశీల ముఖం తుడుచుకుంది. లేచి ఫ్రెడ్డీ పక్కన సీటు మీద కూర్చుంది. ఆయన ముఖంలోకి ఒంగింది.

"పోదామా?" అని అడిగింది.

బస్సులో ఉన్నవాళ్ళందరూ వెనక్కి తిరిగి ఆయన వైపు చూశారు. ఫ్రెడ్డీ జవాబుకి తొందరపడలేదు. కిటికీలోంచి వానలో ఊగుతున్న సవక చెట్లని చూశాడు, తోట అవతల పరుచుకున్న నీళ్ళని చూశాడు. ఆ తర్వాత అందరికీ వినపడేట్టు చెప్పాడు.

"ఆగు. కొంచేపు."

పెంచలప్రసాద్ ఇంజను ఆపేశాడు. ఆయన పోదాం అనేదాకా అందరూ ఆ వానలో అట్లాగే కూర్చున్నారు.